లైటు వెలిగింది కదా

మా ఆయన్ని మా పేటలో అందరూ ‘ముట్టుకోకు మేస్త్రి’ అంటారు. ఎవరు పెట్టారో కానీ ఊరికే పెట్టలేదు. ఎవరింట్లోనైనా హోమ్ థియేటర్ బిగించి, వైర్లు కనబడకుండా గోడ వెంట సర్ది, చేతులు తుడుచుకుని రిమోట్ అప్పగించేటప్పుడు ఆయన చెప్పే మాట ఒక్కటే. “మీ ఇష్టం, ఏదైనా మార్చుకోండి. శబ్దం సెట్టింగ్ మాత్రం ముట్టుకోకండి.” ఎదుటి మనిషి బ్యాంకు మేనేజరైనా సరే, అదే గొంతు, అదే చూపుడువేలు. పెళ్ళైన కొత్తలో వంటింట్లో నేను రేడియో గొంతు కాస్త పెంచినా ఆ వేలు లేచేది. ఆ వేలికి నేను భయపడ్డది ఆ కొత్తలోనే లెండి.

ఆ సెట్టింగ్ సంగతి చెప్పకపోతే మా కథ అర్థం కాదు. నేనేమీ ఇంజనీరుని కాను, ఆయన పక్కన ఇన్నేళ్ళు కాపురం చేసి ఒంటబట్టించుకున్నదే చెబుతున్నాను. సినిమాలోని శబ్దమంతా ఒక మూటగా కట్టి ఉంటుందట. టీవీ కింద ఉండే ప్లేయర్ ఆ మూటను తానే విప్పి, సర్ది, మాటా పాటా కలిపి పక్క స్పీకర్లకే పంపొచ్చు. లేదంటే ముడి కూడా విప్పకుండా స్పీకర్లను నడిపించే రిసీవర్ చేతికి అందించొచ్చు. అప్పుడు రిసీవరే మూట విప్పుకుని, మాటలు మధ్య స్పీకర్‌కు, పాటలూ పిడుగులూ పక్క స్పీకర్లకు పంచిపెడుతుంది. అలా విప్పకుండా అందించడాన్ని పాస్‌త్రూ అంటారు. మా ఆయనకు అదే వేదం. ప్లేయర్ విప్పి పంపిన శబ్దమంటే ఆయన లెక్కలో ఎంగిలి కూడు. మూట భద్రంగా అందితే రిసీవర్ ముఖాన చిన్న నీలం లైటు వెలుగుతుంది. ఆ లైటు వంక చూపించి, “లైటు వెలిగింది కదా, ఇక నన్నేమీ అడక్కండి” అనేవారు.

ఆ గర్వానికి కారణం లేకపోలేదు. కుర్రతనంలో సభలకూ ఊరేగింపులకూ మైకులు కట్టేవారు. గుమ్మడికాయంత హారన్ స్పీకర్ల కిందే అన్నం తిని, వాటి కిందే కునుకు తీసిన మనిషి. ఆ తరవాత సినిమా హాల్లో స్పీకర్లు చూసుకునే పని, ఆ తరవాత సొంత కొట్టు. వెనక గదిలో ఉండి, ముందు గదిలో మోగే స్పీకర్ కోను అంచున సన్నని పగులుంటే చెప్పేసేవారు. “మా అన్నయ్యవి పాము చెవులు” అని మా మరిది నలుగురిలో గొప్పలు పోయేవాడు. ఈయన వినీ విననట్టు స్క్రూడ్రైవర్ తుడుచుకునేవారు. ఆ తుడుచుకోవడంలో ఉన్న దర్జా అంతా ఇంతా కాదు.

మా కొట్టుకు కాస్త దూరంలో ఒక టీచరమ్మ ఉంటారు. పలకడం రాని పిల్లలకు పలకడం నేర్పుతారు. నత్తి ఉన్నవాళ్ళు, నాలుక తిరగనివాళ్ళు, ‘స’ అనమంటే ‘త’ అనేవాళ్ళు ఆవిడ ముందుగదిలో చిన్న కుర్చీల్లో కూర్చుంటారు. ఆవిడ ఒక అట్టముక్క నోటికి అడ్డం పెట్టుకుని మాట పలుకుతారు. పెదాలు చూసి కాదు, చెవితో విని పలకాలని ఆవిడ పట్టు. పిల్లలు తిరిగి పలికేటప్పుడు తల ఒక పక్కకు వంచి వింటారు. వెంట్రుకవాసి తేడా ఉన్నా మళ్ళీ అనమంటారు. బడి ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా కాలమైనా ఆ ముందుగది ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. మధ్యాహ్నాలు మాత్రం ఆవిడకు పాత సినిమాలు కావాలి. అందుకే కూతురూ అల్లుడూ కలిసి హోమ్ థియేటర్ పెట్టించారు. బిగించింది మా ఆయనే.

కొద్ది రోజులకే ఆవిడ కబురు పెట్టారు. పాటలు బాగున్నాయి కానీ మాటలు తేటగా లేవట. ఈయన వెళ్ళి, కాసేపు కూర్చుని విని, లైటు చూపించి వచ్చేశారు. ఆ తరవాత ఒకరోజు ఆవిడే ఫోన్ చేసి, “మేస్త్రీ, ఏం మంత్రం వేశారో కానీ మాటలు ముత్యాల్లా వినబడుతున్నాయి” అన్నారు. ఈయన మంత్రమేమీ వేయలేదు. ప్లేయర్ తనంతట తాను అప్‌డేట్ అయ్యి సెట్టింగులన్నీ మొదటికి తెచ్చుకుంది. అంటే మూట తానే విప్పి పంపడం మొదలుపెట్టింది. ఇంకెవరైనా అయితే పోనీలే అనుకుంటారు. ఈయన సంగతి తెలిసిందే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎవరింట్లోనో గ్యాసు లీకైనట్టు సంచీ భుజాన వేసుకుని పరుగెత్తారు.

మళ్ళీ పాస్‌త్రూలో పెట్టి, లైటు వెలిగించి, అప్పుడు ఆవిడతో ఏమన్నారో మధ్యాహ్నం భోజనాల దగ్గర నవ్వుతూ నాకు చెప్పారు.

“‘ఇందాకటి దాకా బాగుందయ్యా, మీరొచ్చాక మళ్ళీ మూసుకుపోయింది’ అంటుందే ఆవిడ! మొహమాటం లేకుండా చెప్పేశాను. ‘అమ్మా, శబ్దానికేం లోపం లేదు, లైటు చూడండి. వయసుతో చెవిలో సన్నని శబ్దాలు ముందు పోతాయి. మీకు ‘స’లూ ‘శ’లూ అందట్లేదు. లోపం మీ చెవుల్లో ఉంది’ అన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మన బతుకు.”

“ఆవిడేమన్నారు?” అన్నాను.

“ఏమంటుంది? ‘అలాగా మేస్త్రీ’ అంది.”

ఇది జరిగిన తరవాతే మా వాషింగ్ మెషిన్ గొడవ వచ్చింది. బట్టలు ఉతకడం అయిపోగానే అది కీచుమని కూస్తుంది. ఒక ఆదివారం ఈయన దాని పక్కనే కుర్చీ వేసుకుని ఏదో వైరు చుడుతున్నారు. అది కూసింది. కదల్లేదు. మళ్ళీ కూసింది. నేను పెరట్లోంచి “ఏమండీ, అయిపోయింది, ఆపండి” అని అరిస్తే, “అయిపోతే కూయదూ? బజర్ పోయినట్టుంది” అన్నారు. నేను నవ్వులాటకు అంటున్నారనుకున్నాను. తీరా చూస్తే మెషిన్ వెనక మూత ఊడదీసి, పాత బజర్ పీకి, కొట్టులోంచి కొత్తది తెచ్చి వేశారు. అదీ కూసింది. “ఇది కూడా దొంగ సరుకే” అని దాన్నీ పీకబోయారు.

నేను చెయ్యి పట్టుకున్నాను. “అది కూస్తోందండీ.”

“ఎప్పుడు?”

“ఇప్పుడు. ఇదిగో, ఇప్పుడు కూడా.”

ఆయన మెషిన్ వంక చూశారు, నా వంక చూశారు. తరవాత అరచెయ్యి బజర్ మీద పెట్టి ఉంచారు. వేళ్ళకు అదురు తెలిసినట్టుంది, మొహం పాలిపోయింది. ఆ క్షణంలో నేనక్కడ ఉండకపోతే బాగుండేదని నాకే అనిపించింది. భార్య ముందు కూడా మగవాడికి తల కొట్టేసినట్టు ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

చెవుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళడానికి నేను పడ్డ పాట్లు చెబితే అదో భారతం. అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. ఈయన టకటకా నొక్కేస్తున్నారు. నేను ‘హమ్మయ్య, ఏమీ లేదు’ అనుకుంటున్నాను. డాక్టరమ్మ ఒక్క నిమిషం ఆయన్ని గమనించి, తన కుర్చీ అటు తిప్పుకుని, వీపు మా వైపు పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. ఇక బటన్ నొక్కడం లేదు. అప్పుడర్థమైంది, ఈయన ఇంతసేపూ ఆవిడ చేతి కదలిక చూసి నొక్కుతున్నారని. ఇంత వయసొచ్చి బడిలో పక్కవాడి పలక చూసి రాసే పిల్లాడి పని చేశారు. ఆ గదిలోంచి బయటికి వచ్చాక నా మొహం చూడలేదు. “సన్నని శబ్దాలు చాలావరకు పోయాయి, చాలా కాలం నుంచే పోతూ వచ్చాయి. మిషన్ పెట్టుకోవాలి” అని డాక్టరమ్మ చెబుతుంటే, గోడ మీద చెవి బొమ్మను శ్రద్ధగా చదువుతున్నట్టు నిలబడ్డారు.

మిషన్ పెట్టుకోలేదు. “సౌండు మేస్త్రి చెవిలో మిషనా? గుడ్డివాడి చేత రంగులు వేయించుకుంటారా ఎవరైనా?” అని మొండికేశారు. ఎప్పటిలాగే పనికి వెళ్ళేవారు, ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్ తుడుచుకునేవారు. ఒకటే తేడా. ఇదివరకు విని, ఆ తరవాత లైటు చూసేవారు. ఇప్పుడు లైటు చూసి, విన్నట్టు తలూపుతున్నారు. ఈ తేడా ఇప్పటిది కాదేమో, ఎప్పటినుంచో ఉందేమో అనే ఆలోచన నాకప్పుడు రాలేదు.

వచ్చింది టీచరమ్మ అల్లుడు కొట్టు ముందు కారు ఆపిన రోజున. హోమ్ థియేటర్ పెట్టెలన్నీ దించి లోపల పెట్టాడు. ఆ సమయానికి నేనూ కొట్లోనే ఉన్నాను.

“అత్తయ్యగారికి ఇక అక్కర్లేదట మేస్త్రీ. ఎవరికైనా పనికొస్తే ఇవ్వండి అన్నారు. ఆవిడ చెవుల సంగతి మీరే కనిపెట్టారు కదా.”

“ఇప్పుడెలా ఉన్నారు?” అన్నాను నేను.

“ఏం చెప్పమంటారు అక్కయ్యా! పిల్లలకు చెప్పడం కూడా మానేశారు. ‘సరిగ్గా వినబడని దాన్ని, వాళ్ళ మాటలు దిద్దితే తప్పులు నేర్పినట్టవుతుంది’ అని ఒక్కొక్కరినీ పంపేశారు. తల్లుల్ని పిలిచి తానే చెప్పుకున్నారు. డాక్టరుకు చూపిద్దామంటే, ‘సౌండు మేస్త్రే చెప్పాక ఇంకా డాక్టరెందుకు’ అంటారు. పొద్దస్తమానం ఆ చిన్న కుర్చీలు తుడుస్తూ కూర్చుంటున్నారు.”

అతను వెళ్ళిపోయాడు. ఈయన ఆ సెట్టును బల్ల మీద కలిపారు. పరీక్షించి ఇంకొకరికి ఇచ్చేద్దామని. ఏదో సినిమా పెట్టారు. రిసీవర్ మీద నీలం లైటు వెలిగింది.

“బాగానే ఉంది” అన్నారు.

నాకు బాగాలేదు. తెర మీద ఎవరో తండ్రి కూతురికి ఏదో చెబుతున్నాడు, నోట్లో గుడ్డలు కుక్కుకున్నట్టు ఉంది ఆ మాట. “ఏమండీ, ఈయనేంటి దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నాడు?” అన్నాను.

“లైటు వెలిగింది కదే.”

నాకు ఒళ్ళు మండింది. బల్ల మీద రిమోట్ అందుకున్నాను. మా కాపురంలో ఎన్నడూ చేయని పని చేశాను, శబ్దం సెట్టింగ్ ముట్టుకున్నాను. పాస్‌త్రూ తీసేసి, మూట ప్లేయర్‌నే విప్పమన్నాను. లైటు ఆరిపోయింది. మాటలు మధ్య పెట్టె వదిలేసి పక్క పెట్టెల్లోంచి గలగలా బయటికొచ్చాయి. ఆ తండ్రి అన్న ప్రతి అక్షరమూ విడివిడిగా వినబడింది.

“ఇప్పుడు బాగుంది” అన్నాను.

“నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి” అన్నారు మెల్లిగా. అన్నాక ఆ మాట ఆయనకే తగిలింది.

మధ్య స్పీకర్ బోర్లించి మూత విప్పారు. లోపల రెండు కోన్లుంటాయి. పెద్దది బరువు గొంతులు పలుకుతుంది, చిన్నది ‘స’లూ ‘చ’లూ వంటి సన్నని శబ్దాలు పలుకుతుంది. చిన్న కోనుకు వెళ్ళే వైరు ఊడి గాల్లో ఉంది. అది కంపెనీవాళ్ళ చేతి పని కాదు. కంపెనీ సోల్డరింగ్ మీద నమ్మకం లేక, కొత్త స్పీకర్ ఏది వచ్చినా మూత విప్పి ప్రతి అతుకూ తన చేత్తో మళ్ళీ వేయడం ఈయనకు అలవాటు. ఆ పని ఇంకెవరూ చేయరు. తన అతుకును తాను గుర్తుపట్టారు. టీచరమ్మ ఇంట్లో ఆ స్పీకర్ మొదటి రోజు నుంచీ సగం మూగదే. దాన్ని వినలేని మనిషి వెళ్ళి, వినగలిగిన మనిషితో నీకు చెవుడు అని చెప్పి వచ్చాడు.

సోల్డరింగ్ కర్ర వేడి చేసి అతుకు వేశారు. “పట్టుకెళ్ళి మళ్ళీ బిగించేస్తాను. కంపెనీ లోపమని చెబుతాను. మాటలు తేటగా వినబడితే తన చెవులు బాగున్నాయని ఆవిడకే తెలుస్తుంది.”

“మీకెందుకు తెలియలేదని అడగరూ?”

“అడిగితే ఏం చెప్పను? నాకు చెవుడని చెప్పనా? తెల్లారేసరికి పేటంతా పాకుతుంది. చెవిటి మేస్త్రిని ఇంటికి పిలిచేదెవరే? కొట్టు మూసుకుని నీ వంటింట్లో కూరగాయలు తరగనా?”

“తరగండి, తప్పేముంది? ఆవిడ తన ముందుగది మూసుకుని కూర్చోలేదూ?” అన్నాను. అంత కటువుగా అనాలనుకోలేదు. కానీ అన్నాను.

ఇద్దరం కలిసే వెళ్ళాం. ముందుగదిలో చిన్న కుర్చీలన్నీ ఒకదానిలో ఒకటి దూర్చి గోడకు ఆనించి ఉన్నాయి. టీచరమ్మ మమ్మల్ని చూసి నొచ్చుకున్నారు. “ఎందుకు మేస్త్రీ మళ్ళీ ఈ శ్రమ? నాకెందుకిప్పుడు ఇవన్నీ” అన్నారు. ఈయన స్పీకర్లు బిగించి, సినిమా పెట్టి, పక్కకు తప్పుకున్నారు. లైటు వెలిగింది. ఈసారి దాన్ని ఎవరికీ చూపించలేదు.

మాటలు మొదలయ్యాయి. టీచరమ్మ తల ఒక పక్కకు వంచారు. అలాగే ఉండిపోయారు. ఆవిడ పెదాలు ఆ మాటల్ని వెంబడించి కదులుతున్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తరవాత రిమోట్ తీసుకుని ఆపేశారు.

“ఏం చేశారు?”

“స్పీకర్‌లో చిన్న లోపమమ్మా. కంపెనీది” అన్నారు ఈయన నేల చూస్తూ. నాకు ఒళ్ళంతా సిగ్గుతో ముడుచుకుపోయింది.

“కంపెనీదా? సరే.” టీచరమ్మ గొంతు పెంచలేదు. “మీరిక్కడే, ఈ కుర్చీలోనే కూర్చుని విన్నారు కదా మేస్త్రీ. ఒక్కసారి కాదు. మీకు వినబడలేదా?”

ఈయన సంచీలో ఏదో వెతుకుతున్నట్టు నటించారు. అందులో వెతకడానికేమీ లేదు. టీచరమ్మ లేచి, రేకు డబ్బా మూత తీసి, అట్టముక్క ఒకటి పైకి తీశారు. అంచులు పిల్లల చేతుల్లో నలిగి మెత్తబడిన అట్ట. దాన్ని నోటికి అడ్డం పెట్టుకుని ఒక మాట అన్నారు. నాకు స్పష్టంగా వినబడింది. ఈయన తలెత్తి, అలవాటు కొద్దీ చిరునవ్వు నవ్వి, తలూపారు.

అట్ట దించారు టీచరమ్మ. “ఏమన్నాను?”

ఆయన నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. చెబుదామని నా నోటిదాకా వచ్చింది, పళ్ళు బిగించుకున్నాను. నేల చీలితే దూరిపోయేవారే, కానీ ఆ ఇంటి నేల గట్టిది.

“వినబడలేదమ్మా” అన్నారు.

చెప్పాక ఇక ఆగలేదు. చెవులు ఎప్పుడో పోయాయని, లైటు చూసి తలూపడమే పనిగా పెట్టుకున్నానని, కంపెనీది కాదు, ఆ ఊడిన అతుకు తన చేతిదేనని అన్నీ చెప్పేశారు. టీచరమ్మ అడ్డు రాలేదు. పిల్లాడు చివరిదాకా పలికేవరకు ఆగే అలవాటు కదా ఆవిడకు.

“మంచినీళ్ళు తాగండి” అన్నారు చివరికి. గ్లాసు అందించి కూర్చున్నారు. “పిల్లల్ని పంపేసేటప్పుడు ఒక్కో తల్లినీ కూర్చోబెట్టి నేనే చెప్పుకున్నాను మేస్త్రీ, నా చెవులు పోయాయమ్మా అని. అలా చెప్పుకోవడం ఎంత సిగ్గుగా ఉంటుందో తెలుసా?”

“ఇవాళ తెలిసిందమ్మా.”

“ఇప్పుడు నేను వెళ్ళి, లేదు, నా చెవులు బాగున్నాయంటే ఎవరు నమ్ముతారు? ముసల్దానికి ఊసుపోక పిలుస్తోంది అనుకుంటారు.”

“మీరు వెళ్ళొద్దు. నేను చెబుతాను. ఇంటింటికీ వెళ్ళి, చెవుడు టీచరమ్మకు కాదు, నాకే అని చెబుతాను” అన్నారు.

ఆవిడ క్షమించానని అనలేదు, పరవాలేదని కూడా అనలేదు. ఏ పిల్లలు ఎక్కడుంటారో నాకు చెప్పారు. మేం గుమ్మం దాటుతుంటే వెనక చిన్న కుర్చీలు ఒకదాన్నుంచి ఒకటి ఊడదీస్తున్న చప్పుడు వినబడింది. ఈయనకు చెప్పాను. తలూపారు.

వీధి మలుపు దగ్గర ఆగి అడిగారు. “అట్ట వెనక ఏమన్నారావిడ?”

ఎండలో ఆయనకు ఎదురుగా నిలబడ్డాను, నా పెదాలు కనబడేటట్టు. “‘నా మాట ఎందుకు నమ్మలేదు?’ అన్నారు.”

కొంత దూరం నా కన్నా ముందు నడిచారు. అలా నడిస్తే మొహం కనబడదు కదా.

మొదటి ఇల్లు ఆయన ఎరిగినదే. ఆ ఇంట్లో హోమ్ థియేటర్ ఈయన బిగించిందే. ఆ ఇంటాయన నలుగురికీ ఈయన చెవుల గురించి చెప్పి పనులు ఇప్పించిన మనిషి. గుమ్మం ముందు నిలబడి చొక్కా సర్దుకున్నారు. స్క్రూడ్రైవర్ కోసం కాబోలు జేబు తడుముకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. గంట బటన్ నొక్కారు. ఒక్క క్షణం ఆగి మళ్ళీ నొక్కారు. తలుపు మీద, గోడ మీద ఎక్కడైనా చిన్న లైటు వెలుగుతుందేమోనని చూశారు. లైటేమీ లేదు. మూడోసారి వేలు లేచింది.

ఆ వేలు పట్టుకున్నాను. “మోగిందండీ. ఇందాకే మోగింది. వస్తున్నారు.”

ఆయన చెయ్యి దించి, తలుపుకేసి తిరిగి నిలబడ్డారు.